వేడి టబ్బు, చల్ల టబ్బు: ఎవరు కాలు పెట్టొచ్చు, ఎవరు పెట్టకూడదు

ఈసారి చానామంది ఒకే సంగతి అడిగినారు. ఒక టబ్బులో వేడినీళ్ళు, ఇంకో టబ్బులో చన్నీళ్ళు పెట్టుకుని కాలో చెయ్యో అందులో కొంచేపు ఇందులో కొంచేపు ముంచడం, దాన్నే కాంట్రాస్ట్ థెరపీ అంటారు, మా ఫిజియోథెరపీ వాళ్ళకు ఇది పాత పనే, కానీ ఫోన్లో వీడియోలు చూసి ఇంట్లోనే మొదలుపెట్టేవాళ్ళు ఈమధ్య బాగా ఎక్కువైనారు. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చేసారికి పెట్టి పేజీ అంతా దీనికే ఇస్తాండాను. మొదటి ఉత్తరం చదివిన రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు, దానికి జవాబు పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: మేడం, మాది ఆదోని దగ్గర పల్లె. మా అమ్మకు 58 ఏళ్ళు, షుగరొచ్చి 12 ఏళ్ళు దాటింది. అరికాళ్ళు మంటలు, తిమ్మిర్లు, రాత్రిళ్ళు పడుకోనీవు. తెలిసినాయన ఒకరు వేడినీళ్ళలో పది నిమిషాలు చన్నీళ్ళలో పది నిమిషాలు మార్చి మార్చి పెడితే నరాల్లో రక్తం ఆడతాది అంటే పెట్టినాం. అమ్మ "నీళ్ళు చల్లగానే ఉండాయి, ఇంగ కొంచెం వేడివి పొయ్యి" అంటా ఉంటే నేనే పోసినాను. రెండో రోజు పొద్దున బొటనవేలి పక్కన పెద్ద బొబ్బ, దుప్పటి తడైతే గానీ మాకు తెలీలేదు. అమ్మకు నొప్పే లేదంట. పసుపు పెట్టినాం. నేనే చేసినట్టు అనిపిస్తాంది, ఏం చెయ్యాల?

జవాబు: పత్రిక వచ్చేదాకా ఆగే పని కాదని మీకు ఫోన్లో ఆరోజే చెప్పినాను తల్లీ, ఇదే తిప్పలు ఇంకెవరింట్లోనైనా ఉంటుందని ఇక్కడ మళ్ళీ రాస్తాండాను. షుగర్ ఉన్నోళ్ళ కాలికి బొబ్బ వస్తే ఆరోజే డాక్టరుకు చూపించాల, కర్నూలు పెద్దాసుపత్రి సర్జరీ ఓపీ అయినా సరే, దగ్గర్లో ఏ సర్జన్ అయినా సరే. బొబ్బను చిదమొద్దు. పసుపు, పేస్టు, సిరా, కాఫీపొడి ఏదీ పెట్టొద్దు. శుభ్రమైన పొడి గాజు గుడ్డ వదులుగా చుట్టి, ఆ కాలు మీద బరువు వెయ్యకుండా తీసుకుపోవాల. కాలిన ఆ క్షణంలోనే తెలిసుంటే కొళాయి కింద మామూలు చల్లనీళ్ళు 20 నిమిషాలు పారనిస్తే చాలా మేలు చేసేది, ఐసు మాత్రం ఆ టైములో కూడా పెట్టకూడదు.

మీ ఉత్తరంలో నన్ను నిలబెట్టిన మాట "నొప్పే లేదంట" అనేది. ఏళ్ళ తరబడి షుగర్ ఉంటే కాలి నరాలు వేళ్ళ కొసల నుంచి పైకి మెల్లగా దెబ్బతింటా వస్తాయి, అప్పుడు ఒకే కాల్లో రెండూ జరుగుతాయి, పక్క మీద పడుకుంటే లేని మంట ఉన్నట్టు తెలుస్తుంది, నీళ్ళలో ఉన్న అసలు వేడి మాత్రం తెలియదు. అమ్మ చల్లగా ఉండాయి అన్నప్పుడు అబద్ధం చెప్పలేదు, ఆమె కాలు ఆమెకు చెప్పిందే చెప్పింది. మీరు ఆమె మాట విని పోసినారు. ఇందులో మీ తప్పు వెతుక్కోవద్దు, ఎందుకంటే ఇట్లాంటి కాలికి ఈ పని చెయ్యకూడదని ఎవరో ఒకరు మీకు ముందే చెప్పి ఉండాల, ఎవరూ చెప్పలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. వేడి తగిలిన చోట కండకు రక్తం ఎక్కువ కావాల, షుగర్‌తో రక్తనాళాలు సన్నబడిన కాలికి అంత రక్తం అందదు, అందుకే మామూలోళ్ళకు ఏమీ కాని వేడికే వాళ్ళకు కాలుతుంది. దాని మీద చన్నీళ్ళు పెడితే ఆ నాళాలు ఇంకా బిగుసుకుంటాయి. రక్తం ఆడుతుందని చేసిన పని రక్తాన్ని ఆపే పని అవుతుంది.

ఎంత వేడికి ఎంతసేపట్లో చర్మం కాలుతుందని అమెరికాలో మోరిట్జ్, హెన్రికెస్ అనే ఇద్దరు 1947లో లెక్క తేల్చినారు, ఇప్పటికీ అందరూ దాన్నే చూస్తారు. 44 డిగ్రీల దగ్గర దాదాపు ఆరు గంటలు పడుతుంది, అక్కడి నుంచి ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ ఆ టైము సుమారు సగం అవుతా వస్తుంది, 49 దగ్గర పది నిమిషాల లోపే, 60 దగ్గర ఐదారు సెకన్లు చాలు. మన ఇళ్ళలో గీజర్లు చాలావరకు 60 దగ్గరే పెట్టి ఉంటాయి, పొయ్యి మీద కాగు దించి పోసే నీళ్ళు అంతకన్నా ఎక్కువే. పది నిమిషాలు కదలకుండా కాలు పెట్టి కూర్చుంటే ఏమవుతుందో మీరే చూడండి.

కాలికి స్పర్శ ఉందో లేదో ఇంట్లోనే రెండు నిమిషాల్లో చూసుకోవచ్చు. అమ్మను కళ్ళు మూసుకోమని, రెండు కాళ్ళకూ బొటనవేలు, నడిమి వేలు, చిటికెన వేలు, మొత్తం ఆరు వేళ్ళ కొసలు మీ చూపుడువేలితో ఒకటి రెండు సెకన్లు ఊరికే తాకండి, నొక్కొద్దు, గీకొద్దు. ఎక్కడ తాకినారో చెప్పమనండి. ఆరింట్లో రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ తెలియకపోతే ఆ కాళ్ళకు వేడి కాపడం, ఐసు, హాట్ వాటర్ బ్యాగ్ ఏదీ దగ్గరికి రానీయొద్దు. తెలిసినా కూడా షుగర్ ఉన్నోళ్ళు డాక్టరును అడక్కుండా చేసుకోవద్దు. ఆసుపత్రిలో సన్న నైలాన్ దారం లాంటిదాన్ని ఆనించి ఇంకా బాగా చూస్తారు, ఏడాదికొకసారి చూపించుకోవాల.

మా జేజికి కూడా ఇట్లనే అయింది. నేను అప్పటికి ఇంకా చదువుకుంటాండాను. ఇటుకను పొయ్యిలో పెట్టి గుడ్డ చుట్టి అరికాలికి కాపడం పెట్టుకుని అట్లే నిద్రపోయింది, పొద్దునకి తోలు లేచిపోయింది, మూడు నెలలు కట్లు కట్టి చివరికి చిటికెన వేలు తీసేసినారు. ఈ పేజీ చదివి ఒక్క ఇంట్లో ఇటుక గానీ టబ్బు గానీ పక్కన పెడితే నాకు అదే చాలు.

ఇక అమ్మ మంటల సంగతి, వాటికి మందులు ఉన్నాయి తల్లీ, భరించాల్సిన పని లేదు. షుగర్ ఎంతుందో మూడు నెలల సగటు టెస్టు చేయించండి. షుగరుకు ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్రలు ఏళ్ళుగా వాడేవాళ్ళకు బి12 విటమిన్ తగ్గిపోయి కూడా ఇట్లాంటి తిమ్మిర్లు వస్తాయి, అది కూడా చూడమని డాక్టరును మీరే నోరు తెరిచి అడగండి.

ప్రశ్న: అనంతపురం నుంచి మేడం, డిగ్రీ సెకండియర్. నిన్న కబడ్డీలో చీలమండ మడత పడింది, బాగా వాచింది. సీనియర్లు వేడి చల్ల మార్చి పెట్టు రేపటికల్లా ఆడతావ్ అంటాండారు. ఆదివారం మ్యాచ్ ఉంది.

జవాబు: ఆదివారం మ్యాచ్ మర్చిపో నాయనా. ముందు ఇది చూసుకో: దెబ్బ తగిలినప్పుడూ ఇప్పుడూ రెండుసార్లూ నాలుగు అడుగులు వెయ్యలేకపోయినా, కుంటుకుంటా అయినా సరే నాలుగు అంటే నాలుగు, చీలమండ రెండు పక్కలా ఉబ్బెత్తు ఎముకల వెనక అంచున నొక్కితే గట్టిగా నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించాల్సిందే. ఇది కెనడాలో ఒట్టావా డాక్టర్లు పెట్టిన రూలు, ప్రపంచమంతా ఎమర్జెన్సీ వార్డుల్లో దీన్నే వాడతారు.

మొదటి రెండు మూడు రోజులు వేడి వద్దే వద్దు. లోపల చిన్న నాళాలు తెగి రక్తం కారతా ఉంటుంది, వేడి పెడితే ఆ కారడం ఎక్కువై వాపు పెరుగుతుంది, కాబట్టి కాంట్రాస్ట్ అనే మాట ఇప్పుడు లేదు. నొప్పి ఎక్కువుంటే ఐసు పలచటి గుడ్డలో చుట్టి 10 నిమిషాలు, మధ్యలో కనీసం గంట గ్యాప్. ఫ్రీజర్లోంచి అప్పుడే తీసిన జెల్ ప్యాక్ మామూలు ఐసు కన్నా చాలా చల్లగా ఉంటుంది, కరిగే ఐసు సున్నా దగ్గర ఉంటే అది మైనస్ 18 దగ్గర ఉంటుంది, గుడ్డ లేకుండా పెట్టి పడుకుంటే చర్మం గడ్డకట్టి కాలినట్టే అవుతుంది. మోకాలి బయటిపక్క కింద, మోచేతి లోపలిపక్క నరం చర్మానికి ఆనుకునే పోతుంది, అక్కడ ఐసు ఎక్కువసేపు గట్టిగా కట్టి పాదం పైకి లేవని కేసులు డాక్టర్లు రాసిపెట్టినారు.

ఇంకో మాట, ఐసు పెట్టు కదలకుండా పడుకో అనే సలహా 1978లో గేబ్ మిర్కిన్ అనే అమెరికా డాక్టరు పుస్తకంతో ఊరూరా పాకింది, అదే మిర్కిన్ 2014లో ఐసు గానీ పూర్తి రెస్టు గానీ మానడాన్ని ఆలస్యం చేయొచ్చని తన మాటే మార్చుకున్నాడు, అట్లా ఒప్పుకోవడం నాకు గొప్పగా అనిపిస్తుంది. ఐసు నొప్పి తగ్గించుకోడానికే అనుకో, మానడానికి కాదు.

వాపు పెరగడం ఆగినాక, అంటే నాలుగో రోజు దాటినాక, కావాలంటే కాంట్రాస్ట్ చేసుకో. వేడిది 38 నుంచి 40 డిగ్రీలు, అంతకన్నా వద్దు. చల్లది 10 నుంచి 15. వేడిలో మూడు నిమిషాలు, చల్లలో ఒక నిమిషం, అట్లా నాలుగైదు సార్లు, మొత్తం 16 నుంచి 20 నిమిషాలు. మామూలుగా వేడితో మొదలుపెట్టి చల్లతో ఆపుతాం. నీళ్ళలో ఉన్నప్పుడు పాదాన్ని పైకీ కిందికీ ఆడిస్తా ఉండు, మేలు చేసేది చాలావరకు ఆ కదలికే అని నా నమ్మకం. తోలు లేచిన గాయం ఉంటే అది మానేదాకా వద్దు. చర్మం తెల్లగా పాలిపోయినా, మచ్చలు మచ్చలుగా ఎర్రబడి తగ్గకపోయినా, మొద్దుబారినా అక్కడితో ఆపెయ్.

ప్రశ్న: తాడిపత్రి నుంచి రాస్తాండాను. 46 ఏళ్ళు, బీపీ మాత్ర రోజూ వేసుకుంటాను. స్నేహితులతో బెంగళూరు పక్క ఒక రిసార్టుకు పోయినాం, పావుగంట స్టీమ్ రూములో ఉండి నేరుగా ఐసు తొట్టిలో దిగినాను. ఊపిరి ఆగిపోయినట్టయింది, గుండె దడదడ, బయటికొచ్చినాక కళ్ళు తిరిగి కూలబడినాను. అందరూ నవ్వినారు, అలవాటైతే పోతుంది మళ్ళీ దిగు అన్నారు. అలవాటు చేసుకోవచ్చా?

జవాబు: అన్నా, వద్దు. ముందు గుండె డాక్టరు దగ్గరికి పోయి జరిగింది జరిగినట్టు చెప్పి ఈసీజీ, అవసరమైతే ఎకో తీయించుకోండి. అక్కడ నవ్వినోళ్ళ మీద నాకు కోపం లేదు, వాళ్ళకు తెలియదు, కానీ ఇది నవ్వే సంగతి కాదు.

బాగా చల్లని నీళ్ళలో ఒక్కసారిగా దిగితే మన ప్రమేయం లేకుండానే నోరు తెరుచుకుని పెద్ద ఊపిరి లాగుతాం, ఆ తర్వాత ఎగశ్వాస, గుండె వేగం పెరుగుతుంది, చర్మంలో నాళాలన్నీ ఒక్కసారి బిగుసుకుని బీపీ ఎగురుతుంది. ఇది మొదటి అర నిమిషంలోనే అన్నిటికన్నా ఎక్కువుంటుంది, రెండు మూడు నిమిషాలకు తగ్గుతుంది. ఇంగ్లండులో పోర్ట్స్‌మత్ యూనివర్సిటీ ప్రొఫెసర్ మైక్ టిప్టన్ దీనిమీదే ఏళ్ళుగా పనిచేసినారు, ఆయన ఇంకొకరితో కలిసి 2012లో ఇంకో ప్రమాదం కూడా రాసినారు, ముఖం కూడా నీళ్ళలో మునిగితే శరీరం ఒకపక్క గుండెను నెమ్మదించమంటుంది, ఇంకోపక్క చలి షాక్ పరిగెత్తమంటుంది, ఈ రెండు ఆజ్ఞలు ఒకేసారి పోతే గుండె లయ తప్పొచ్చు. ఆరోగ్యంగా ఉన్నోళ్ళలో చాలామందికి అది దానంతటదే సర్దుకుంటుంది, గుండెలో ముందే లోపం ఉన్నోళ్ళకు సర్దుకోకపోవచ్చు. ఎండాకాలం మన పిల్లకాయలు ఎండలో కాగి కాగి ఒక్కసారిగా బావిలోకో కేసీ కాలువలోకో దూకుతారు చూడండి, ఆ లాగే ఊపిరి నీళ్ళ కింద లాగితే ఈత వచ్చినోడు కూడా మునుగుతాడు.

మీకు కళ్ళు తిరగడానికి ఇంకో కారణం వేడి. స్టీములో చర్మం నాళాలు వెడల్పై బీపీ పడుతుంది, చెమట పట్టి నీళ్ళు తగ్గుతాయి, మీ మాత్ర దాని పని అది చేస్తానే ఉంటుంది, పడి ఎగిరి మళ్ళీ పడిన బీపీ అది. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ రకం మాత్రలు వాడేవాళ్ళకు గుండె అంత తొందరగా సర్దుకోలేదు కూడా. బీపీ కంట్రోల్లో లేనోళ్ళు, గుండెపోటు, స్టెంటు, పక్షవాతం వచ్చినోళ్ళు, గుండె దడ ఉన్నోళ్ళు ఒళ్ళంతా ముంచే ఈ పని జోలికి పోవద్దు. డాక్టరు సరే అన్నోళ్ళయినా ఒంటరిగా దిగొద్దు, మందు తాగి దిగొద్దు, తల ముంచొద్దు, దూకొద్దు, లేచేటప్పుడు ఒక నిమిషం కూర్చుని లేవండి. ఛాతీ బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే ఇంటికి పోయి పడుకోవడాలు లేవు, 108.

ప్రశ్న: ప్రొద్దుటూరు. ఐదో నెల కడుపుతో ఉన్నాను. ఎడమ కాలు పిక్క వాచి పట్టేసినట్టుంది, అత్తమ్మ వేడి చల్ల నీళ్ళు పెడదామంటాంది.

జవాబు: రెండు కాళ్ళూ సాయంత్రానికి సమానంగా వాచి పడుకుంటే తగ్గితే అది వేరు. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా వెచ్చగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందేమో చూడాల, కడుపుతో ఉన్నప్పుడు అది వచ్చే అవకాశం ఎక్కువ, పైగా ఎడమ కాలికే ఎక్కువగా వస్తుంది. రుద్దొద్దమ్మా, కాపడం వద్దు, టబ్బు వద్దు, ఈరోజే పోయి నాళాల్లో రక్తం పారడం చూసే డాప్లర్ స్కాన్ అడగండి. ఆయాసం కూడా ఉంటే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. మొదటి నెలల్లో ఒళ్ళంతా వేడెక్కే స్టీములు, వేడినీళ్ళ తొట్లు బిడ్డ వెన్నుకు మంచిది కాదని కూడా అత్తమ్మకు చెప్పండి, ఆమె మీ మంచికే అంటాంది, చెప్తే వింటుంది.

ప్రశ్న: రాయదుర్గంలో జీన్స్ కుడతాను. చన్నీళ్ళలో చెయ్యి పెడితే రెండు మూడు వేళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లగా, తర్వాత నీలంగా అయితాయి. చేతుల నొప్పులకు కాంట్రాస్ట్ చెయ్యొచ్చా?

జవాబు: చెయ్యొద్దు చెల్లెమ్మా. దీన్ని రేనాడ్స్ అంటారు, చలికి వేళ్ళ నాళాలు మరీ గట్టిగా మూసుకుపోతాయి. ఒకసారి కీళ్ళవాతం లాంటివి చూసే రుమటాలజీ డాక్టరుకు చూపించుకో. చన్నీళ్ళు తగిలితే ఒళ్ళు దద్దుర్లు లేచేవాళ్ళకు కూడా ఇదే మాట.

ప్రశ్న: కర్నూలు, రిటైర్డ్ టీచర్ని. గాంధీగారు కూడా తొట్టిస్నానాలు చేసినారు, ప్రకృతి వైద్యంలో ఇది ఎప్పటినుంచో ఉంది. మీరు అందర్నీ భయపెడుతున్నారేమో అనిపిస్తుంది. అసలు దీనివల్ల లాభమే లేదా?

జవాబు: ఉంది మాస్టారూ, లేదని నేను అనను. గాంధీగారు జర్మనీ ప్రకృతి వైద్యుడు లూయీ కూనే చెప్పిన తొట్టిస్నానాల గురించి తన ఆత్మకథలోనే రాసుకున్నారు, జర్మనీలో సెబాస్టియన్ నైప్ అనే పాదిరి 19వ శతాబ్దంలో నీళ్ళ వైద్యాన్ని ఒక పద్ధతిగా పెట్టినారు. 2013లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే వ్యాయామం తర్వాత ఒళ్ళునొప్పులకు ఊరికే కూర్చోవడం కన్నా కాంట్రాస్ట్ మేలని తేలింది, కానీ చన్నీళ్ళ స్నానం, మెల్లగా నడవడం లాంటి వేరే పద్ధతుల కన్నా గొప్పేమీ కాదు, ఆ పరిశోధనలు కూడా అంత గట్టివి కావని రాసినవాళ్ళే చెప్పినారు. నాళాలు ముడుచుకుని తెరుచుకుని పంపు కొట్టినట్టు విషాలు బయటికి పోతాయని వీడియోల్లో చెప్పేది మాత్రం నమ్మొద్దు, చర్మం వేడి చల్ల మారుతుంది గానీ ఆ కొద్ది నిమిషాల్లో లోపలి కండ వేడి పెద్దగా మారనే మారదు.

మామూలు ఆరోగ్యం ఉన్నోళ్ళు, చేలో పనిచేసి పిక్కలు పట్టేసినోళ్ళు, పాత బెణుకు బిగుసుకున్నోళ్ళు జాగ్రత్తగా చేసుకుంటే హాయిగా ఉంటుంది, నేను కూడా చేయిస్తాను. నా భయమంతా ఆదోని అమ్మ లాంటి కాలు గురించే, ఆ కాలు తనకు కాలుతోందని చెప్పుకోలేదు కదా.

ప్రశ్న: కడప. థర్మామీటర్ లేకుండా ఇన్ని డిగ్రీలు ఎట్ల తెలిసేది? ఎండాకాలం మాకు కొళాయి తిప్పితేనే వేడినీళ్ళు.

జవాబు: నిజమే, మే నెలలో మిద్దె మీద ట్యాంకు నీళ్ళు ఒక్కోసారి స్నానానికి కూడా పనికిరావు, ఆ నెలల్లో కొళాయి నీళ్ళు చల్ల టబ్బుకు అస్సలు పనికిరావు, వేడి టబ్బుకు వేరే కాచే పని లేదు. నీళ్ళు కొలిచే థర్మామీటర్ మెడికల్ షాపులోనో ఆన్‌లైన్‌లోనో తక్కువకే దొరుకుతుంది, కొనుక్కోమనే చెప్తాను, జ్వరం చూసేది దీనికి పనికిరాదు. అది లేకపోతే ఈ లెక్క: మామూలు నీళ్ళు 30 డిగ్రీలు ఉన్నాయనుకుంటే ఆరు చెంబులకు ఒక్క చెంబు మరిగిన నీళ్ళు కలిపితే సుమారు 40 వస్తుంది. చల్లదానికి పది లీటర్ల మామూలు నీళ్ళలో రెండు కిలోల ఐసు వేసి కరగనిస్తే 12 దగ్గరికి వస్తుంది, ఒక కిలో అయితే 20 దగ్గర ఆగుతుంది. మొదటిసారి చేసేవాళ్ళకు ఆ 20 చాలు, ఐసు లేకపోతే కుండ నీళ్ళు కూడా బాగానే పనిచేస్తాయి, మన పొడి గాలికి కుండ బాగా చల్లబడుతుంది.

నీళ్ళు కలిపి, చేత్తో బాగా తిప్పి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మోచేతితో చూడాల, కాలు పెట్టేవాళ్ళ కాలితో చూడొద్దు. మోచెయ్యి ఒక నిమిషం హాయిగా ఉండగలిగితేనే సరి. మధ్యలో వేడినీళ్ళు కలపాలంటే కాళ్ళు బయటికి తీసినాకే పొయ్యాల. నేల తడిసి ఉంటుంది, పెద్దోళ్ళు ఒక టబ్బు నుంచి ఇంకోదానికి నిలబడి మారకుండా రెండూ కుర్చీ ముందే పెట్టండి. బకెట్లో హీటర్ రాడ్ పెట్టి కాచేవాళ్ళు, మనవైపు చాలా ఇళ్ళలో అదే, నీళ్ళు కాగినాయా అని వేలు ముంచి చూడొద్దు, స్విచ్ ఆపి ప్లగ్ పీకి, రాడ్ బయటికి తీసి ఆరిన చోట పెట్టినాకే ఆ నీళ్ళు ముట్టుకోండి, పిల్లలున్న ఇంట్లో అయితే ఆ బకెట్ పక్కనుంచి కదలొద్దు.